అడగనివాళ్ల వంతు

పంకజాక్షి చెప్పులు మెట్ల దగ్గరే విడిచి, వట్టి కాళ్లతో ఆఫీసులోకి వచ్చింది. కొర్లగుంటలో రెండో అంతస్తు మీద ఉండే ఆ ఆఫీసుకు ఎవరూ చెప్పులు విడిచి రారు. కంప్యూటర్ల మధ్య నిలబడి, ఎవరిని పలకరించాలో తెలియక, కిటికీ పక్కన ఒక్కత్తే ఆడమనిషి కనబడితే అటు నడిచింది.

"పాల సెంటర్ల సీడీలు చేసే మేడం మీరేనా?"

మహిత తలెత్తి అవునంది. అప్పటికామె కొత్త సీడీకి బిల్డ్ వేస్తూ ఉంది. తెర మీద అక్షరాలు వాటంతటవి పైకి జరిగిపోతున్నాయి. ఎక్కడెక్కడి మనుషులో రాసి ఉచితంగా ఇచ్చిన డేటాబేస్ సర్వర్ ప్రోగ్రాం అది. దాని అసలు కోడ్ తెచ్చుకుని, ఏ సౌకర్యం ఉండాలో ఏది వద్దో మొదట్లోనే తేల్చి, కంపైల్ చేసి, సీడీ వేస్తే చాలు దానంతటదే మిషన్లోకి ఎక్కేటట్టు సర్దిపెట్టడం మహిత పని. జిల్లాలోని పాల సెంటర్లన్నీ ఆమె సర్దిన సీడీ మీదే నడుస్తున్నాయి. ఇక్కడ ఆమె వద్దని తీసేసిన సౌకర్యం ఒకటుంటుందని కూడా సెంటర్లో కూర్చున్నవాళ్లకు తెలియదు.

"వడమాలపేట అవతల పల్లె మేడం మాది. సెంటర్లో కంప్యూటరు కాడ కూసుండేది నేనే. పంకజాక్షి నా పేరు." కుర్చీ చూపించినా కూర్చోలేదు. "సాయంత్రం పాలు పోసేటప్పుడే కరెంటు పోతా ఉండాది. వచ్చినాక తెరిచి సూస్తే కడాకు పోసినోళ్లవి ఉండవు. క్యాన్లో పాలుంటాయి, కంప్యూటర్లో ఉండవు. లారీ ఆయప్ప రెండూ ఒకటైతేనే క్యాను ఎత్తుతాడు. లేదంటే ఈడనే పెట్టుకోండి అంటాడు. ఈ ఎండలకు పాలు నిలుస్తాయా మేడం?"

"అప్పుడేం చేస్తారు?"

"తెరిస్తే పైన ఒకటో నంబరు ఉంటాది గదా. తక్కువైన లీటర్లు దాంట్లో ఎక్కించి పంపిచ్చేస్తా ఉండినాను. పొద్దన్నే ఒక్కొక్కర్ని అడిగి, ఎవురివి వాళ్లకు మార్సేద్దామని. మార్సినాను కూడా. అందురూ గుర్తుంటారా? కొందరివి నిలిసిపోయినాయి."

"ఒకటో నంబరు ఎవరిది?"

పంకజాక్షి కొంగుతో ముఖం తుడుచుకుంది. "మా అత్తది. సెంటరు మా వసారాలోనే గదా పెట్టింది. ఫస్టు ఆమె పేరే ఎక్కించినారు."

మహితకు మిగిలింది చెప్పనక్కరలేకపోయింది. అయినా పంకజాక్షి చెప్పింది. రెండే ఎనుములున్న ఆ అత్త భారతమ్మ పేరిట ఒక్క పూటలో ఇరవై లీటర్లు కనిపించాయి. దేవకమ్మ అనే ఆమె, ఆరోజు ఆరు లీటర్లు పోసి సున్నా చూసుకున్న మనిషి, వీధిలో నిలబడి అరిచింది. "ఏం మేపుతా ఉండావు భారతమ్మా ఎనుములకు? కరెంటా? అది పోయినప్పుడే పాలిస్తా ఉండాయే!" కంప్యూటరొచ్చినాక చేతికార్డులు ఎత్తేశారు కాబట్టి ఎవరు ఎంత పోశారో చెప్పే దిక్కు లేదు. సెంటరు ప్రెసిడెంటు మునిరామయ్య, శుక్రవారం కాణిపాకంలో ప్రమాణం చేయమన్నాడు. వరసిద్ధి వినాయకుడి ముందర తడిగుడ్డలతో నిలబడి చెప్పినదానికి ఇక తిరుగుండదు. ఆ వైపు పల్లెల్లో కోర్టుకు పోయినవాళ్లు కూడా చివరికి అక్కడికే పోతారు.

"చేయండి మరి. మీరు తినలేదు గదా," అంది మహిత.

"తినలేదని చెప్పమంటే ఇప్పుడే పొయ్యి చెప్తా. వాళ్లు చెప్పమనేది అది కాదు మేడం. 'మా అత్త నంబర్లో నేను ఎక్కించలేదు' అని చెప్పల్లంట. ఎక్కించినాను గదా. ఈ చేత్తోనే ఎక్కించినాను. దేవుని ముందర లేదని ఎట్ల చెప్పేది?" ఆమె గొంతు తగ్గించింది. "మీరొచ్చి ఒక్క మాట చెప్పండి. కరెంటు పోతే మీ కంప్యూటర్లో లెక్క పోతాదని. అంతే."

అద్దాల గదిలోంచి సునీల్‌కుమార్ బయటికొచ్చాడు. కంపెనీ ఆయనది. మాటలు కొంత విన్నట్టున్నాడు.

"ఏమ్మా, కంప్యూటరు పాలు తాగుతుందా?"

పక్క టేబుళ్ల దగ్గర నవ్వారు. పంకజాక్షి కూడా, పెద్దవాళ్ల హాస్యానికి నవ్వాలి కాబట్టి, కొంచెం నవ్వింది.

"కరెంటు పోతే ఆగకుండా యూపీఎస్ ఇచ్చినాం గదా ప్రతి సెంటరుకూ?"

"అది ఒక సమచ్చరం పలికింది సార్. ఇప్పుడు దాని మింద మా అత్త ఊరగాయ జాడీ పెట్టుకోనుండాది."

"బ్యాటరీ మార్చుకోవాల. అది మా పని కాదు, డెయిరీవాళ్ల పని." సునీల్‌కుమార్ మర్యాదగానే చెప్పాడు. తలుపుదాకా వెళ్లి సాగనంపాడు కూడా.

ఆమె దిగిపోయాక మహిత బిల్డ్ ఆపింది. మూలనున్న పాత పెంటియం మిషన్‌లో సెంటర్లకు పంపే సీడీయే ఎక్కించి ఉంది. తెరిచి, దొంగపేర్లతో పాలు పోసినట్టు లీటర్లు, వెన్న శాతం ఎక్కించింది. ఎక్కించినవన్నీ తెర మీద చక్కగా కనిపించాయి. వంగి గోడలోంచి ప్లగ్గు పీకేసింది. మళ్లీ పెట్టింది. మిషన్ లేచి, తన్ను తాను సరిచూసుకుని, ఏమీ జరగనట్టు నిలబడింది. చివర ఎక్కించినవి లేవు. పోయాయన్న సంగతి కూడా దానికి తెలియదు.

ఇట్లా అవుతుందని మహితకు ముందే తెలుసు. తెలిసి కూడా చేతులారా పీకి చూస్తే వేరే రకంగా ఉంది.

ప్రోగ్రాం రాసినవాళ్లు దాన్ని అట్లా రాయలేదు. ఒక్కొక్క పద్దూ డిస్కు మీద నిజంగా పడిందాకా ఆగి, పడ్డాకే 'అయింది' అని చెప్పేటట్టు రాశారు. ఎవరూ అడక్కుండానే వాళ్లు ఇచ్చింది అది. కావాలంటే ఆపుకోవచ్చు, మీ ఇష్టం, అని కింద ఒక మాట రాసిపెట్టారు. మహిత ఆపి బిల్డ్ చేసింది. అప్పట్నుంచి మిషన్ పద్దులన్నీ జ్ఞాపకంలో పోగేసుకుని, తీరిక చూసుకుని ఒక్కసారి రాస్తుంది. ముందే 'అయింది' అని చెప్పేస్తుంది.

ఆమె అద్దాల గదిలోకి వెళ్లింది.

"సార్, కొత్త సీడీలో ఎప్పటిదప్పుడు రాసేటట్టు మార్చేస్తాను."

సునీల్‌కుమార్ ఫోను పక్కన పెట్టాడు. "డెయిరీలో డెమో రోజు నువ్వే గదమ్మా ఉండినావు? ఒక్కొక్క ఎంట్రీకి మిషన్ దమ్ము పట్టుకుని నిలబడింది. ఎండీగారు గడియారం చూసుకున్నాడు. పోటీకొచ్చిన మద్రాసు కంపెనీవాళ్లది టకటకమని పోయింది. ఆపితేనే గదా మనకు ఆర్డరొచ్చింది?"

"యూపీఎస్ ఉంటేనే ఆపుదామన్నాను సార్ అప్పుడు."

"ఇచ్చినాం గదా." ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. "చూడమ్మా. పెండ్లిలో బంతి కూర్చుంటే ఆకులో ఉప్పు, ఊరగాయ, పప్పు అడక్కుండా వేస్తాము. ఇంకో గరిటెడు నెయ్యి కావాలంటే అడిగినోళ్లకే. ఎప్పటిదప్పుడు రాయాలని ఏ సెంటరన్నా అడిగిందా? అడిగితే చేసిద్దాం."

"అట్లాంటిది ఒకటుంటుందని వాళ్లకు తెలియదు సార్. తెలియనిదాన్ని ఎట్లా అడుగుతారు?"

"మన దగ్గర పదకొండు మంది పని చేస్తా ఉండారు. వచ్చే నెల అగ్రిమెంటు మళ్లీ రాసుకోవాల." గొంతు పెంచలేదు. "మునిరామయ్య ఫోన్ చేసినాడు. కంపెనీ తరఫున కూడా ఎవరన్నా కాణిపాకం వచ్చి, ప్రోగ్రాంలో తప్పు లేదని చెప్పాలంట. నువ్వు పో."

"నేనా?"

"చేసింది నువ్వే గదా. నేనడిగేదానికి చెప్పు. ప్రోగ్రాంలో తప్పు ఉందా?"

మహిత పని మీద ఇంతవరకు ఎవరూ వేలు పెట్టి చూపింది లేదు. యూనివర్సిటీలో ఎంసీఏ చేసేటప్పుడు కూడా, తోటివాళ్లు మూడుసార్లు దిద్దుకునేది ఆమె ఒక్కసారికే రాసేది. ఆ అడిగిన తీరుకు ఆమె వెన్ను దానంతటదే నిటారైంది.

"తప్పు లేదు సార్. ఎట్లా చేసినామో అట్లానే పనిచేస్తూ ఉంది."

"మరింకేం? అదే చెప్పు. నిన్ను అబద్ధమాడమన్లేదు గదా."

శుక్రవారం పొద్దున మహిత చిత్తూరు బస్సెక్కి, అక్కడ మారి కాణిపాకం చేరేసరికి పల్లెవాళ్లు డెయిరీ వ్యానులో ముందే వచ్చి ఉన్నారు. మునిరామయ్య తెల్లపంచె కట్టి, భుజాన తువ్వాలు వేసుకుని, మనుషుల్ని వరసలో నిలబెడుతున్నాడు. కొట్లవాళ్లు గరిక, టెంకాయలు పట్టుకుని వెంట పడుతున్నారు. దేవకమ్మ ఒకామెతో బేరమాడుతూ ఉంది. "మా పాలే పాయ, టెంకాయకు కూడా ఇంతనా?"

పంకజాక్షి నెత్తిన నీళ్లు పోసుకుని ఓ పక్కగా నిలబడి ఉంది. తడిచీర కాళ్లకు చుట్టుకుని ఉంది. జడ కొసనుంచి నీళ్లు రాతి మీద కారుతున్నాయి. మహితను చూసి ఆమె ముఖం విప్పారింది.

"వస్తారని మా అత్తతో చెప్పినాను మేడం," అంది.

మహిత చేతిసంచి ఒక భుజాన్నుంచి ఇంకో భుజానికి మార్చుకుంది. తానూ పోయి నెత్తిన ఇన్ని నీళ్లు చల్లుకుని వచ్చింది.

దర్శనం క్యూలో మెల్లగా జరిగి స్వామి ఎదుటికి వచ్చాక మునిరామయ్య మాట అందించాడు. "చెప్పమ్మా. మా అత్త భారతమ్మ నంబర్లో ఒరుల పాలు నేను ఎక్కించలేదు. చెప్పు."

పంకజాక్షి చేతులు జోడించింది. "ఒరుల పాలు నేను తినలేదు."

"అది కాదమ్మా. ఎక్కించలేదు అని చెప్పు."

"ఎక్కించినాను నాయనా. లారీ ఎత్తడని ఎక్కించినాను. తినలేదు."

"సుట్టూ తిప్పొద్దు. ఎక్కించినావా లేదా? ఒక్క మాట."

"ఎక్కించినాను."

వెనకనుంచి దేవకమ్మ "అదీ!" అంది. పూజారి తొందరపెట్టాడు. వెనక జనం నెడుతున్నారు. పంకజాక్షి ఇంకా ఏదో చెప్పబోయింది గానీ ఆ మాట గంట చప్పుడులో కలిసిపోయింది. మునిరామయ్య మహితవైపు తిరిగాడు.

"నువ్వు చెప్పమ్మా. మీ ప్రోగ్రాంలో తప్పేమన్నా ఉండాదా?"

కరెంటు పోతే లెక్క పోతుంది. ఎందుకంటే మేమే అట్లా చేసి పంపినాము. రెండు వాక్యాలు. బస్సులో వచ్చేటప్పుడు ఆ రెండిటినీ మహిత చాలాసార్లు అనుకుంది. తప్పు ఎక్కడ ఉందని అడిగితే ఏమని చూపించాలి? ప్రోగ్రాంలో వెతికితే దొరకదు. ప్రోగ్రాం రాసినవాళ్లు ఏ తప్పూ చేయలేదు. తాను కట్టిన కట్టులో ఒక్క ముడి కూడా జారలేదు. పంకజాక్షి తడికళ్లతో ఆమె పెదాలవైపే చూస్తూ ఉంది.

"మా ప్రోగ్రాంలో తప్పు లేదు," అంది మహిత.

ఆ మాటలో ఒక్క అక్షరం కూడా అబద్ధం లేదు. స్వామి ముందు నిలబడ్డ ఇద్దరూ నిజమే చెప్పారు.

బయటికొచ్చాక పంకజాక్షి దగ్గరికి రాలేదు. వ్యాను దగ్గర కొంగు పిండుకుంటూ అటు తిరిగి నిలబడింది. దేవకమ్మ మాత్రం మహిత చేతిలో టెంకాయ చిప్ప పెట్టి, "తినమ్మా, ఎండలో వస్తివి," అంది.

మరునాడు మహిత అందరికంటే ముందు ఆఫీసుకొచ్చి, బిల్డ్ మొదట్లో తీసేసినదాన్ని తిరిగి పెట్టింది. ఒక్క మాట మార్పు. దాంతో మిషన్ మళ్లీ దమ్ము పట్టుకుని నిలబడుతుంది కాబట్టి, ఆదివారం కూడా వచ్చి కూర్చుని, అనవసరంగా పదిచోట్ల రాసేదాన్ని ఒకచోటికి తెచ్చింది. చూసేవాళ్లకు తేడా తెలియనంత చేసింది. ప్లగ్గు పీకి పెట్టింది. అన్నీ ఉన్నాయి. మళ్లీ పీకింది. ఉన్నాయి. ఇంత పని అప్పుడే చేసి ఉండవచ్చు. డెమో దగ్గరపడిందని చేయలేదు. ఆపేయడమైతే ఒక్క నిమిషంలో అయిపోయింది.

సునీల్‌కుమార్‌తో ఏమీ చెప్పలేదు. కొత్త సీడీలు అన్ని సెంటర్లకూ పోయాయి. ఇక ముందు ఏ ఊళ్లోనూ ఎవరి పాలూ పోవు. అడగనివాళ్లకు కూడా ఆ వంతు దక్కుతుంది. సీడీల పెట్టెలు ఆటోలోకి ఎక్కిస్తుంటే మహితకు కొంచెం ఊపిరాడినట్టయింది. పంకజాక్షి పల్లెకు పోవలసిన సీడీ మాత్రం పెట్టెలో వేయకుండా తన సంచిలో పెట్టుకుంది.

అది పట్టుకుని పల్లెకు పోయేసరికి సెంటరు భారతమ్మ వసారాలో లేదు. మునిరామయ్య ఇంటి ముందర కొత్తగా వేసిన రేకుల కిందికి మారింది. కంప్యూటరు దగ్గర ఆయన కోడలు రేవతి కూర్చుని ఉంది. ఇంటర్ తప్పిన పిల్ల, చురుకైనదే. మహిత సీడీ ఎక్కించి, పాత లెక్కలు తెచ్చి కలిపి, ఎట్లా వాడాలో చూపించేసరికి సాయంత్రం పాలు మొదలయ్యాయి.

ఆడవాళ్లు చెంబులు, బిందెలు పట్టుకుని వరసగా వచ్చారు. ఒకామె పాలు కొలిచి క్యాన్లో పోయడం, కొంచెం తీసి వెన్న చూడడం, రేవతి నంబరు కొట్టడం. ఎనుములు తన్నిన కబుర్లు, కోడళ్లు తిన్నగా లేని కబుర్లు. వరస చివర పంకజాక్షి చెంబు పట్టుకుని నిలబడి ఉంది. ఆమెకు ముందు నిలబడ్డామెకూ ఆమెకూ మధ్య ఇంకో మనిషి పట్టేంత ఎడం ఉంది. పాలు పోయడానికి ఆ చుట్టుపక్కల ఇంకో చోటు లేదు.

దేవకమ్మ పోసింది, రేవతి నంబరు కొట్టింది. దేవకమ్మ ఇంకా చెంబు దులుపుకోలేదు, కరెంటు పోయింది. తెర నల్లబడింది. "అయిపాయ!" అని ఎవరో అన్నారు. అందరూ క్యానువైపు చూశారు.

కొంతసేపటికి కరెంటొచ్చింది. రేవతి తెరిచింది. మహిత ఆమె భుజం మీదుగా చూసింది. అన్నీ ఉన్నాయి. చివర దేవకమ్మ ఆరు లీటర్లతో సహా. క్యాను, కంప్యూటరు సరిగ్గా ఒకటి.

దేవకమ్మ వంగి తెరలోకి చూసి, రెండు చేతులూ తట్టింది. "సూసినారా? కరెంటు పోయింది, ఒక్క సుక్కన్నా పోయిందా? ఆయమ్మ కూసున్నన్నాళ్లూ ఎట్ల పోతా ఉండినాయో ఇప్పుడు తెలిసె గదా!"

"కండ్లముందర రుజువాయె," అన్నాడు మునిరామయ్య, అరుగు మీదనుంచి. "స్వామి ఊరికే ఉంటాడా?"

ఆదివారమంతా కూర్చుని తాను చేసిందేమిటో మహితకు అప్పుడు అర్థమైంది. గబగబా ముందుకొచ్చింది.

"దేవకమ్మా, అట్లా కాదు. అప్పుడు నిజంగానే పోయేవి. పంకజాక్షి చేసింది కాదు. కరెంటు పోతే లెక్క పోయేటట్టు మేమే చేసి పంపినాము. ఇప్పుడు నేను మార్చినాను, అందుకని నిలిచింది. నేను మార్చినాను."

పాలు కొలిచే ఆమె కొలత ఆపింది. మునిరామయ్య అరుగు దిగి వచ్చాడు. కోపంగా ఏమీ లేడు.

"ఏందమ్మా నువ్వు చెప్పేది? కాణిపాకంలో స్వామి ముందర నిలబడి తప్పు లేదంటివే. అది అబద్ధమా?"

"అబద్ధం కాదు."

"మరి ఇది?"

"ఇదీ నిజమే."

ఎవరో కిసుక్కున నవ్వారు. మునిరామయ్య తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "రెండూ నిజమెట్లవుతాది తల్లీ? దేవుని కాడ చెప్పింది ఒకటి, నా ఇంటి ముందర చెప్పేది ఒకటి. మేం దేన్ని నమ్మల్ల?"

"చూపిస్తాను. పాత సీడీ ఉంటే ఇప్పుడే వేసి చూపిస్తాను," అంది మహిత. పాత సీడీలన్నీ వెనక్కి తెప్పించి విరిచేయమన్నది ఆమే.

దేవకమ్మ ఆమె చేయి పట్టుకుంది. ఆ చేతికింకా పాల తడి ఉంది. "మంచి పిల్లవమ్మా. తోటి ఆడబిడ్డ కష్టం సూళ్లేక ఇట్ల చెప్తా ఉండావు, మాకు తెల్దా? పెట్టిన ఒట్టు తిప్పగూడదు తల్లీ, కండ్లు పోతాయి. బిడ్డలు గలదానివి. ఇడిసిపెట్టు."

మహితకు ఇంకా బిడ్డలు లేరు. తెర మీద పద్దులు వరసగా, చెక్కుచెదరకుండా ఉన్నాయి. మళ్లీ పాలు పోయడం మొదలైంది. రేవతి నంబర్లు కొడుతూ ఉంది. మిషన్ టకటకమని పోతూ ఉంది.

వరస తగ్గి తగ్గి పంకజాక్షి ముందుకొచ్చింది. మహిత ఆమెకూ క్యానుకూ మధ్య నిలబడి ఉంది. ఏదన్నా అంటుందని, తిట్టినా బాగుండునని ఎదురుచూసింది. పంకజాక్షి ఆమె ముఖంవైపు చూడలేదు. ఒలకకుండా చెంబును రెండు చేతులా పట్టుకుని, పాల వంకే చూస్తూ ఉంది.

"కొంచెం జరగండి మేడం," అంది. "పాలు పొయ్యల్ల."

మహిత జరిగింది.